రెండో డికాషను లేని కాఫీ

మాదాపూర్ అయ్యప్ప సొసైటీ సందుల్లో ఏ కిరాణా కొట్టు ముందు నిలబడినా మొదట కంటపడేవి పైనుంచి వేలాడే ప్యాకెట్ల వరసలే. షాంపూలు, వక్కపొడి, కొబ్బరినూనె, వాటి మధ్యన కాఫీ పొడి. అడిగినప్పుడల్లా కొట్టతను అలవాటైన చేత్తో చుక్కల గీత దగ్గర మడిచి, అడిగినన్ని తుంచి ఇస్తాడు. పొద్దున గల్లాపెట్టె దాకా జారిన వరస సాయంత్రానికి సగానికి సగం పైకి పోయి ఉంటుంది.

కొనేవాళ్ళలో చాలామంది మెడలో కంపెనీ ట్యాగు ఇంకా తీయని అబ్బాయిలూ, అమ్మాయిలూ. నాలుగు కాఫీ ప్యాకెట్లు, ఒక పాలపొడి, ఒక బిస్కట్ ప్యాకెట్. ఫోన్‌తో డబ్బు కట్టేసి చుట్టుపక్కల హాస్టళ్ళలోకి మాయమైపోతారు. ముగ్గురికో నలుగురికో ఒక గది, మంచానికో ప్లగ్గు, ఆ ప్లగ్గుకో కెటిల్. గదుల్లో వంట చేయరాదని గోడ మీద కాగితం అంటించి ఉంటుంది. కెటిల్‌లో నీళ్ళు కాచుకోవడం వంట కిందికి వస్తుందా రాదా అన్నది ఓనరుకీ కుర్రాళ్ళకీ మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ.

వాళ్ళు కాఫీ కలుపుకునే తంతు పక్కన కూర్చుని చూడాలి. ప్యాకెట్ మూల పంటితో చింపుతారు. వానాకాలమైతే తేమకి పొడి లోపల అంటుకుపోతుంది, వేలితో తట్టి తట్టి రాల్చాలి. రెండు చెంచాల పంచదార, నాలుగు చుక్కల వేణ్ణీళ్ళు. ఇక అక్కణ్ణించి చెంచాతో గిలక్కొట్టడం. మొదట నల్లగా జిగురు పడుతుంది. కాసేపటికి ఎర్రమన్ను రంగులోకి వస్తుంది. చెయ్యి నొప్పి పుట్టేవేళకి లేత గోధుమరంగు నురగ తేలుతుంది. దాని మీద వేడి పాలు పోస్తే నురగంతా లేచి కప్పు అంచుకి వచ్చి నిలబడుతుంది.

నిమిషంలో అయిపోయే కాఫీకి ఇంత సేపెందుకు అని అడిగితే నవ్వి ఊరుకుంటారు. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఈ గిలక్కొట్టుడే డాల్గోనా అనే కొరియా పేరుతో ప్రపంచమంతా చుట్టొచ్చింది. ఎక్కడెక్కడివాళ్ళో కాఫీ పొడి, పంచదార గిన్నెలో వేసుకుని కెమెరా ముందు చేతులు నొప్పి పుట్టేలా గిలకొట్టారు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు అది చూసి, "ఇందులో కొత్తేముంది, మేం ఎప్పట్నుంచో చేస్తున్నదేగా" అనుకున్నారు.

ఇన్‌స్టంట్ కాఫీ ఇంతమందికి ఎందుకు నచ్చిందంటే, టైము కలిసొస్తుందని అందరూ టకీమని చెప్పేస్తారు. నిజమే. కాని మిగిలిన టైమంతా మళ్ళీ చెంచాతో కొట్టడానికే పోతుంటే, అసలు సుఖం ఇంకెక్కడో ఉందనిపిస్తుంది. అది తెలియాలంటే కాస్త వెనక్కి, డికాషను రోజుల్లోకి వెళ్ళాలి.

హైదరాబాదు మొదట్నుంచీ చాయ్ ఊరు. ఇరానీ హోటళ్ళ పాలరాతి బల్లల మీద, సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగే చాయ్‌దే ఇక్కడి రాజ్యం. కాఫీది కోస్తా, రాయలసీమల వైపు దారి. మద్రాసు రాజధానిలో కలిసి ఉన్న కాలంలో అది మన ఊళ్ళలోకి వచ్చింది. మొదట్లో పెద్దవాళ్ళు ముక్కు విరిచారు, ఆ తరవాత అది పడందే మంచం దిగలేని స్థితికి వచ్చారు. కాఫీ మీద ఏకంగా దండకమే కట్టుకున్న జాతి మనది.

ఆ కాఫీకి కొట్టు దగ్గర్నుంచే మర్యాదలు మొదలయ్యేవి. కాఫీ వర్క్సు ముందు నిలబడి పీబెర్రీ ఎంత, ప్లాంటేషన్ ఎంత, చికోరీ ఎంత అని ఇంటి పెద్ద లెక్క చెప్పేవాడు. గింజలు కళ్ళ ముందే మరలో ఆడేవి. పొట్లం వెచ్చవెచ్చగా సంచీలో పడితే ఇంటికి వెళ్ళేదాకా దారంతా అదే వాసన. చికోరీ వంతు ఒకరి ఇంట్లో ఉన్నట్టు ఇంకొకరి ఇంట్లో ఉండేది కాదు. చికోరీ పేరెత్తితేనే ఒప్పుకోని ఇళ్ళూ ఉండేవి.

ఇంట్లో ఫిల్టరు. పై గిన్నెలో పొడి వేసి, కాడ ఉన్న బిళ్ళతో సున్నితంగా అదిమి, మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టాలి. గట్టిగా అదిమితే చుక్క దిగదు, వదులుగా వదిలితే నీళ్ళు బుడబుడా కారిపోతాయి. ఆ ఒడుపు చేతికి పట్టడానికి ఏళ్ళు పడుతుంది. రాత్రి అందరూ పడుకున్నాక ఒక మనిషి ఆ పని చేసి పడుకుంటే, తెల్లవారేసరికి అడుగు గిన్నెలో చిక్కటి డికాషను సిద్ధం. ఆ ఒక్క మనిషి ఎవరన్నది ఏ ఇంట్లోనూ వేరే చెప్పనక్కర్లేదు.

డికాషనులో ఫస్టూ సెకండూ ఉండేవి. ఫస్టు డికాషను నాన్నగారికి, తాతయ్యకి, పేపరుతో పాటు. ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషికి. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగేది సెకండు డికాషను. అది పిల్లలకి, పనిమనిషికి. అందరి గ్లాసులూ తిరిగి వచ్చి, స్టవ్వు మీద పప్పు ఉడికి, బడికి వెళ్ళేవాళ్ళు వెళ్ళిపోయాక, గిన్నె అడుగున మిగిలినది అమ్మకి.

ఇందులో ఎవరూ ఎవరికీ అన్యాయం చేయాలనుకోలేదు. అమ్మ కూడా అలా అనుకుని ఉండదు. అడిగితే, "నాకు పల్చగా ఉంటేనే పడుతుంది" అనేది. ఆ మాట అందరం నమ్మేశాం. నమ్మడం మనకీ సుఖంగానే ఉండేది.

వేళకాని వేళ వచ్చిన చుట్టానికీ కాస్త చిక్కే. గుమ్మంలో "కాఫీ తాగి వెళ్ళండి" అన్న మాట అలవాటుగా వచ్చేసేది. వంటింట్లో చూస్తే ఫిల్టరు ఖాళీ. అప్పుడిక పాలు ఎక్కువ, పంచదార ఇంకాస్త ఎక్కువ వేసి, సెకండు డికాషనుతోనే పరువు దక్కించుకునేవారు. వచ్చినాయనా తక్కువవాడేమీ కాదు. మొదటి గుక్కలోనే సంగతి పసిగట్టి, "అబ్బే, బ్రహ్మాండంగా ఉందమ్మా" అనేవాడు.

అలాంటి ఇళ్ళలోకి సీసా వచ్చింది. బ్రూక్‌బాండ్ వారి బ్రూ 1968లో బజారులోకి దిగింది. నెస్కఫే, సన్‌రైజ్ కూడా అలమరల్లోకి చేరాయి. గల్ఫు వెళ్ళొచ్చినవాళ్ళ పెట్టెల్లో టాంగు, నిడో డబ్బాల పక్కన ఒక కాఫీ సీసా కూడా ఉండేది. మొదట్లో దాన్ని రోజూ వాడేవాళ్ళు కాదు. పై అరలో పెట్టి, ఫిల్టరు ఖాళీ అయిన వేళ చుట్టం వస్తేనే కిందికి దించేవారు. పొడి అయిపోయినా సీసాకి మాత్రం రిటైర్మెంటు ఉండేది కాదు. తళతళలాడే ఆ గాజు సీసాల్లో ఆవాలు, మెంతులు, ఇంగువ ఏళ్ళ తరబడి కాపురం చేశాయి.

ఇన్‌స్టంట్ కాఫీ పుట్టుక మన అలమర కంటే బాగా పాతది. న్యూజిలాండ్‌లో ఇన్‌వర్‌కార్గిల్ అనే ఊళ్ళో కాఫీ, మసాలా దినుసుల వ్యాపారం చేసే డేవిడ్ స్ట్రాంగ్ 1890లోనే నీళ్ళలో కరిగే కాఫీకి పేటెంటు పొందాడు. షికాగోలో ఉండే జపాన్ రసాయనవేత్త సతోరి కాటో తను చేసిన పొడిని 1901లో బఫెలో ఎగ్జిబిషన్‌లో జనానికి రుచి చూపించాడు. 1929 తరవాత ప్రపంచమంతా వ్యాపారం కుదేలైనప్పుడు బ్రెజిల్‌లో కాఫీ గింజలు గుట్టలుగా మిగిలిపోయాయి. వాటిని పాడవకుండా దాచుకునే దారి చూడమని నెస్లే కంపెనీని అడిగారు. మాక్స్ మోర్గెన్‌తాలర్ అనే రసాయనవేత్త ఏళ్ళ తరబడి దాని మీదే కూర్చున్నాడు. 1938లో స్విట్జర్లాండ్‌లో నెస్కఫే బయటికి వచ్చింది.

ఆ మరుసటి ఏడాదే రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. అమెరికా సైనికుల రేషన్‌లో ఈ పొడి చేరింది. అంతకు ముందు మొదటి యుద్ధంలో కూడా జార్జ్ వాషింగ్టన్ అనే వ్యాపారి తయారు చేసిన కాఫీ పొడి అమెరికా సైన్యం వెంట వెళ్ళింది. ఇల్లు వదిలి, వంటిల్లన్నది లేని చోట ఉన్న మనుషులే మొదట్నుంచీ దీనికి ఆప్తులన్నమాట. అప్పుడు కందకాల్లో సైనికులు, ఇప్పుడు అయ్యప్ప సొసైటీలో మన పిల్లలు.

పొడి చేసే పద్ధతి మాత్రం మన అమ్మల పద్ధతికి పెద్దన్నే. గింజలు వేయించి, దంచి, పెద్ద పెద్ద గొట్టాల్లాంటి పాత్రల్లో నింపి, ఒత్తిడితో వేణ్ణీళ్ళు పంపి డికాషను దించుతారు. దాన్ని ఇంకా చిక్కబరుస్తారు. ఆ పైన దారి రెండుగా చీలుతుంది. ఒకటి, ఎత్తయిన గోపురంలోకి డికాషనును తుంపరగా చిమ్మి, వేడిగాలి వదలడం. చుక్క కింద పడేలోపే నీరంతా ఆవిరై పొడి రాలుతుంది. రెండోది, డికాషనును సున్నాకి నలభై డిగ్రీల కింద గడ్డకట్టించి, పలుకులుగా విరగ్గొట్టి, గాలి తీసేసిన గదిలో ఉంచడం. అక్కడ మంచు నీరవకుండానే ఆవిరైపోతుంది. రెండోదానికి ఖర్చు ఎక్కువ, వాసన కూడా ఎక్కువ నిలుస్తుంది. ఏ దారిలో వెళ్ళినా కిలో పొడికి రెండు కిలోలకు పైనే పచ్చిగింజలు కావాలి.

ఈ పనిలో ప్రపంచమంతా ఎరిగిన కార్ఖానాల్లో ఒకటి మన దుగ్గిరాలలో ఉంది. తెనాలికీ విజయవాడకీ మధ్య, కృష్ణా పడమటి కాలవ ఒడ్డున ఉండే దుగ్గిరాల అంటే మనకి పసుపు యార్డే గుర్తొస్తుంది. కాఫీ మొక్క మొలిచే నేల కాదది. అక్కడ చల్లా రాజేంద్ర ప్రసాద్ పెట్టిన సీసీఎల్ ప్రోడక్ట్స్ 1995లో ఇన్‌స్టంట్ కాఫీ తయారు చేయడం మొదలుపెట్టింది. కంపెనీ ఆఫీసు హైదరాబాదులో. ఇప్పుడు వియత్నాంలోనూ, తిరుపతి జిల్లా కువ్వాకొల్లిలోనూ కార్ఖానాలున్నాయి. 90కి పైగా దేశాలకు పొడి వెళుతుంది.

ఇందులో ఇంకో ముచ్చట ఉంది. అలా వెళ్ళే పొడిలో ఎక్కువ భాగం ఆ దేశాల కంపెనీల సీసాల్లో, వాళ్ళ లేబుళ్ళతోనే అమ్ముడవుతుంది. కాంటినెంటల్ పేరుతో సొంత సీసాలు మన కొట్లలో కనిపించడం తరవాతి మాట. ఏ యూరప్ ఊళ్ళోనో మన తెనాలి కుర్రాడు సూపర్‌మార్కెట్‌లో కొన్న పొడి, వాళ్ళ అమ్మమ్మ ఊరి పక్క స్టేషనులోంచి బయలుదేరినదే అయి ఉండొచ్చు. అది అతనికీ తెలియదు, సీసా మీదా రాసి ఉండదు.

మాదాపూర్ కథ కూడా దాదాపు దుగ్గిరాల కార్ఖానా మొదలైన రోజుల్లోనే మొదలైంది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ని 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. చుట్టూ రాళ్ళగుట్టలు, ఇవతల శిల్పారామం, మధ్యలో గుండ్రంగా ఒక భవనం. అక్కణ్ణించి గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలు లేచాయి. అక్కడి పిల్లలు రాసే ప్రోగ్రాములు ఏ దేశంలోనో బ్యాంకులు నడుపుతాయి, విమానం టికెట్లు అమ్ముతాయి. పని మనవాళ్ళది, లేబులు వాళ్ళది. దుగ్గిరాల పొడికీ, హైటెక్ సిటీ కోడుకీ ఆ సంగతిలో చుట్టరికం ఉంది. రెండూ పేరు లేకుండానే ఎంత దూరం వెళ్ళాయో చూస్తే ముచ్చటేస్తుంది.

ఆ మేడల్లో ప్రతి అంతస్తులోనూ ఒక ప్యాంట్రీ, ప్యాంట్రీలో ఒక కాఫీ మెషిన్. మొదటిసారి ఊరి నుంచి వచ్చిన కుర్రాడికి ఆ మెషిన్ మహా వింత. కాఫీ ఊరికే ఇస్తారు, ఎన్నిసార్లు తాగినా అడిగేవాడు లేడు. ఫోన్ చేసి ఇంట్లో చెప్పుకునే మొదటి విశేషాల్లో అదొకటి. కొన్నాళ్ళకి అదే మెషిన్ ముందు నిలబడి, ఇది కాఫీయా కాఫీ రంగు నీళ్ళా అని పక్కవాడితో అంటుంటాడు. అంటూనే తాగుతుంటాడు. మెషిన్ దగ్గర మాటలకి ఉన్న రుచి కప్పులో లేకపోయినా పట్టింపు లేదు.

ఈ ప్రాంతపు గడియారం కూడా కాస్త వింతది. సాయంత్రం అందరూ ఇంటికి వెళ్ళే వేళకి ఇక్కడ కొందరికి తెల్లవారుతుంది. అమెరికాలో నవంబరులో గడియారం ఒక గంట వెనక్కి జరిగిందంటే కొండాపూర్‌లో రాత్రి మీటింగు ఒక గంట ఆలస్యమవుతుంది, భోజనం వేళ దానితో పాటు జరుగుతుంది. పదిన్నరకి మొదలైన కాల్ పన్నెండుకి కూడా తెమలకపోతే, మైకు ఆపేసి వంటింట్లోకి నడుస్తారు. ఆ వేళకి డికాషను దించేవాళ్ళెవరు? సీసా మూత తిప్పడమే.

ఇలాంటి ఇళ్ళు చూస్తుంటే అనిపిస్తుంది, ఇన్‌స్టంట్ కాఫీ మిగిల్చింది టైము కంటే ఇంకొకరి శ్రమే ఎక్కువని. డికాషను కాఫీ తాగాలంటే రాత్రే మన కోసం తలచుకున్న మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి. ఈ పొడికి ఆ మనిషి అక్కర్లేదు. తలుచుకుంటే దిగులుగానూ ఉంటుంది, తేలిగ్గానూ ఉంటుంది. హాస్టలు గదిలో ఒంటరిగా కెటిల్ ముందు కూర్చున్న పిల్లకి ఆ దిగులు తెలుసు. ఎవర్నీ లేపకుండా, ఎవరికీ చెప్పుకోకుండా తన కాఫీ తను కలుపుకోగలగడంలో ఉన్న నిబ్బరమూ తెలుసు.

అయితే సంగతి అక్కడితో ఆగలేదు. తన కోసం కలుపుకోవడం వచ్చినవాడికి పక్కవాడి కోసం కలపడమూ వచ్చేసింది. గిన్నె ఎక్కడ ఉందో తెలియని మగపిల్లలు హాస్టళ్ళలో మూడు కప్పులు ఒకేసారి కలపడం నేర్చుకున్నారు. పొద్దున్నే ఇంటర్వ్యూ ఉన్నవాడికి, జ్వరం వచ్చి మంచం దిగనివాడికి, ఊరి నుంచి రాత్రి బస్సులో దిగిన స్నేహితుడికి. వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకుని మియాపూర్ వైపో, తెల్లాపూర్ వైపో అపార్ట్‌మెంట్లలో చేరారు. వంటిల్లు వచ్చినా ఆ చెంచా మాత్రం చేతిలోంచి పోలేదు.

తెలిసినవాళ్ళింట్లో ఈ మధ్య చూసిన ముచ్చట ఒకటి. మనవరాలు పుట్టిందని గోదావరి జిల్లా నుంచి అమ్మమ్మగారు వచ్చారు. ఫిల్టరూ, ఒక కిలో పొడీ సంచీలో పెట్టుకుని మరీ వచ్చారు. సాయంత్రం నాలుగింటికి పసిదాన్ని ఒళ్ళో వేసుకుని జోకొడుతున్నారు. కూతురు పక్క గదిలో కాస్త కన్నంటుకుంది. అల్లుడు ల్యాప్‌టాప్ మూసి లేచి, కెటిల్ పెట్టి, కప్పులో చెంచా ఆడించడం మొదలుపెట్టాడు.

"మీరెందుకు బాబూ, దీన్ని పడుకోబెట్టి నేను కలుపుతాను కదా" అని ఆవిడ కంగారు పడ్డారు. "కూర్చోండి అత్తయ్యగారూ, చిటికెలో పని" అంటూ తెచ్చి చేతికిచ్చాడు. పాలు కాస్త పొంగి సాసర్లో పడ్డాయి. నురగ మాత్రం బాగా వచ్చింది. ఆవిడ రెండు గుక్కలు తాగి ఆగారు. రుచి గురించి ఏమంటారో అని అతను చూస్తున్నాడు. డికాషను తప్ప ఎరగని మనిషి ఆవిడ. "వేడిగా ఉంది బాబూ" అన్నారు, ఎంతో ఇష్టంగా.

ఆ మాట విన్నాక కాసేపు ఏమీ తోచలేదు. ఇంటిల్లిపాదికీ కాఫీలు అందించి, తన గ్లాసు దగ్గరికి వచ్చేసరికి చల్లారిపోవడమే అలవాటైన మనిషికి, ఆ కప్పులో మొదట తగిలింది వేడి. పొడి ఏ కంపెనీదో, గింజ అరబికానో రోబస్టానో ఆవిడకి పట్టలేదు. ఇంకొకరు కలిపి, కూర్చున్న చోటికి తెచ్చి ఇచ్చారు, అంతే.

ఇన్‌స్టంట్ కాఫీలో ఫస్టూ సెకండూ లేవు. నాన్న చెంచాలో వచ్చేదీ, అమ్మ చెంచాలో వచ్చేదీ ఒకటే పొడి. ఎలక్ట్రీషియన్ వచ్చినా, మేనేజరు వచ్చినా అదే సీసా. చుట్టాలు ఇద్దరనుకుంటే ఐదుగురు దిగినా ఎవరి కప్పూ పల్చబడదు. ఫిల్టరులో గిన్నెకో కొలత ఉంటుంది గనక, ఆ కొలతలో ఎవరికి చిక్కన, ఎవరికి పల్చన అన్న పంపకం తప్పేది కాదు. ఎవరూ పనిగట్టుకుని తలచకుండానే ఈ పొడి ఆ పంపకాన్ని పక్కన పెట్టేసింది.

అలాగని డికాషనుకి కాలం చెల్లిందని ఎవరూ అనడం లేదు. ఆ మాటకొస్తే మాదాపూర్‌లోనే పొద్దున్నే ఫిల్టరు కాఫీ కోసం ఇత్తడి గ్లాసు, దవరా చేతబట్టి నిలబడే జనం ఎక్కువవుతున్నారు. అరకు లోయలో గిరిజన రైతులు పండించే అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే ప్యారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. ఆ గింజల్ని తెప్పించుకుని, తూకం వేసి, నీళ్ళ వేడి కొలిచి, చుక్క చుక్కగా పోసుకుంటూ ఆదివారం పొద్దు గడిపే కుర్రాళ్ళు గచ్చిబౌలిలో ఉన్నారు. సోమవారం తెల్లారి క్యాబ్ హారన్ కొడుతుంటే వాళ్ళే ప్యాకెట్ మూల పంటితో చింపుతారు. ఆదివారం కాఫీ ఆదివారానిది, సోమవారం కాఫీ సోమవారానిది. దేని వేళకి అదే రుచి.

ఇక పాత ఇళ్ళ డికాషను వాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆ జ్ఞాపకాలు చెప్పుకునే వాళ్ళలో ఎక్కువమంది ఫస్టు డికాషను తాగినవాళ్ళే అన్నది కాస్త నిదానంగా ఆలోచిస్తే తోస్తుంది. దించినవాళ్ళని అడిగితే ఆ కథ ఇంకో రకంగా చెబుతారేమో. ఆ తెల్లవారుజాములు, ఆ పాలవాడి కోసం ఎదురుచూపులు, డికాషను సరిగ్గా దిగకపోతే గుండెల్లో గుబులు, ఇవన్నీ అందులో ఉంటాయి. అవి మన జ్ఞాపకాల్లోకి వాసనగా రాలేదు.

అందుకని ఇంట్లో సీసా కనిపించినప్పుడు దాన్ని బద్ధకానికి గుర్తుగా చూడబుద్ధి కాదు. పదేళ్ళ పిల్లాడు కూడా నాయనమ్మకి కాఫీ కలిపి ఇవ్వగలడంటే అది ఆ పొడి చలవే. ఫిల్టరు ఒడుపు ఏళ్ళ మీద వస్తుంది, చెంచా ఒడుపు ఒక్క పూటలో వస్తుంది. ఇంట్లో ఒకరి చేతి మీదే నడిచిన పని అందరి చేతుల్లోకి రావడానికి ఆ మాత్రం సులువు కావలసి వచ్చింది. చేయాలన్న మనసు లేక కాదు, చేయడం రాక ఊరుకున్నవాళ్ళు ఎందరో ఉండి ఉంటారు.

రుచి సంగతి అడిగితే ఇప్పటికీ మన ఓటు డికాషనుకే పడుతుంది, అందులో దాపరికం లేదు. కాకపోతే కాఫీ తాగే సుఖంలో సగం, అది ఇంకొకరు కలిపి ఇవ్వడంలో ఉంది. ఆ సగం ఇన్నాళ్ళూ ఇంట్లో కొందరికే దక్కింది. ఈ సాయంత్రం సీసా మూత తిప్పేవాళ్ళు, ఇంకో కప్పు కూడా దించి, ఇంట్లో ఇప్పటిదాకా అందరికీ కలిపి ఇస్తూ వచ్చినవాళ్ళని ఒక్కసారి "మీకూ కలపనా?" అని అడిగితే బాగుంటుంది. "నాకెందుకులే" అని ఆ మనిషి అనొచ్చు. అయినా కలపండి.